చెత్త ఊడ్చమంటే వత్తులు మార్చేస్తారా?

ఉస్మానియా క్యాంపస్ నుంచి సాదా టెక్స్ట్‌గా మెయిల్ చేసిన థీసిస్‌ని తార్నాక డీటీపీ షాపులో వర్డ్‌లో పేస్ట్ చేస్తే లైన్లన్నీ మధ్యలో తెగుతాయి. 2001 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2822 కూడా లైనుకి 78 అక్షరాలు మించొద్దనే చెప్పింది మరి.

దీనికి మందుంది. జంట పేరా గుర్తుల చోట ఏదో వింత గుర్తు పెట్టి, ఒంటరివాటిని స్పేస్ చేసి, వింత గుర్తుని మళ్ళీ పేరాగా మార్చండి. మూడు రీప్లేస్‌లు, అంతే.

నా గొడవల్లా "కనబడని కేరెక్టర్లన్నీ పీకేస్తాం" అనే మేక్రోలతో. జీరో విడ్త్ నాన్ జాయినర్ (యూనికోడ్‌లో 200సి) కనబడదు గానీ, అది పోతే సాఫ్ట్‌వేర్ కాస్తా సాఫ్ట్వేర్ అయి కూర్చుంటుంది. ఇంగ్లీషుకి అక్కర్లేదు కాబట్టి చెత్తేనా? ఆ మేక్రో రాసింది మన తెలుగువాడే అయితే మరీ కడుపుమంట. టెస్టింగులో ఒక్క తెలుగు పేరైనా వేసి చూశారా బాబూ? థీసిస్ అట్ట మీద రాజ్‌కుమార్ రాజ్కుమార్‌గా అచ్చయ్యాక ఎవరు దిద్దుతారు?