గల్ఫ్ ఖాతాలో ఉండిపోయిన పైసలు

సోలాపూర్ మిల్లుల భోంగా ఆగినంక మన పిల్లలు కొందరు భివండి, సూరత్ పట్టిండ్రు, కొందరు దుబాయ్, షార్జా పోయిండ్రు. ఇప్పుడు వాళ్లలో చాలామంది వాపసు వస్తున్నరు. సామానంతా తెస్తరు గానీ అక్కడి బ్యాంకు ఖాతాను అట్లనే విడిచి వస్తరు. ఆఖరి జీతం పడాలనో, మళ్లా పోతమేమోననో. మిల్లు కచేరీలో లెక్కలు రాసినోణ్ణి గనుక ఈ సంగతి నన్ను తరచూ అడుగుతుంటరు.

మొదటి భయం: "కాకా, బయటి దేశంల ఖాతా ఉంటే కేసైతదా?" కాదు. అక్కడ నివాసం ఉన్నప్పుడు సంపాదించిన సొమ్మును ఇక్కడికి వచ్చినంక కూడా అక్కడే ఉంచుకోవచ్చని 1999 నాటి ఫెమా చట్టమే చెబుతున్నది. అప్పటి జీతం ఇప్పుడు తెచ్చుకున్నందుకు ఇక్కడ పన్ను లేదు. అయితే పన్ను లెక్కలో మీరు పూర్తి నివాసి అయినంక, ఆ ఖాతాను రిటర్నులో చూపాలి, వడ్డీ వస్తే పన్ను కట్టాలి. దాచితే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. 2024 అక్టోబర్ 1 నుంచి, స్థిరాస్తి కాకుండా బయటి ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు మించకుంటే ఆ జరిమానా వేయరు. అయినా చూపడం మాత్రం తప్పదు.

రెండోది, గడువు. ఎమిరేట్స్‌లో 3 ఏళ్లు లావాదేవీ లేకుంటే ఖాతా నిద్రలోకి పోతది. 5 ఏళ్లు దాటినా మనిషి జాడ దొరకకుంటే సొమ్ము అక్కడి కేంద్ర బ్యాంకుకు పోతది. అడిగి తీసుకునే హక్కు ఉంటది గానీ తిరుగుడు ఎక్కువ.

అన్నిటికంటే కష్టం మా వాడలోని ఒక చెల్లెది. మగడు పోయిండు, ఖాతా షార్జాలో ఉండిపోయింది. ఖాతాదారు పోయిన కబురు తెలిస్తే బ్యాంకు ఖాతాను ఆపేస్తది, వారసులు అక్కడి కోర్టు ఉత్తర్వు తేవాలి. ఇద్దరు పిల్లలను పెట్టుకొని బీడీలు చుట్టే మనిషి షార్జా కోర్టుకు ఎట్ల పోతది? ఆయన ఉండంగ ఒక్క అర్జీతో అయ్యే పని అది.

కాబట్టి బతికి ఉండంగనే తెప్పించుకోండి. అక్కడి సిమ్ము ఆగిపోతే ఓటీపీ రాదు. బ్యాంకుకు ఈమెయిల్ రాసి, ఏ కాగితాలు కావాలో రాతలో అడగండి. ఇక్కడి ఎన్నారై ఖాతాను మామూలు ఖాతాగా మార్పించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌బుక్కులో ఒక్క అక్షరమే ఉంటే పైసలు మధ్యలో ఆగొచ్చు, ముందే సరిచేయించండి. ఫారంలో ఐబాన్ అడిగితే మన దేశంల అది లేదు, ఖాతా నంబరు, బ్యాంకు స్విఫ్ట్ కోడ్ ఇవ్వాలి. మీ శాఖకు స్విఫ్ట్ కోడ్ లేకుంటే ఏ శాఖది వాడాలో మేనేజరును అడగండి. పంపే బ్యాంకు, మధ్య బ్యాంకు చార్జీలు కోస్తయి గనుక విడతలుగా కాక ఒక్కసారే తెప్పించడం లాభం. సొమ్ము చేరినంక రసీదు తీసుకొని, ఖాతా మూసిన ఉత్తరం కూడా అడగండి.

"కార్డు, పిన్ ఇయ్యి, కమీషన్ పట్టుకొని నోట్లు ఇంటికి తెస్తం" అనేటోళ్లు మన గల్లీల్లోనే ఉన్నరు. అది హవాలా, చట్టానికి విరుద్ధం. వాడు ఎగ్గొడితే ఠాణాలో చూపడానికి మీ చేతిల కాగితం ముక్క కూడా ఉండదు.

ఇంట్లో గల్ఫ్ పోయొచ్చిన మనిషి ఉంటే ఆ పాత పాస్‌పోర్టు, ఖాతా నంబరు ఎక్కడున్నయో ఇల్లాలికి కూడా తెలియాలి.

వచ్చే నెల: మూతబడ్డ మిల్లు పీఎఫ్ ఎట్ల అడగాలి.