పాట బాగుంది, సభ ఎందుకు చప్పబడింది?



పత్తి తీతలు ముగిసి, కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండే రోజులు మన గుంటూరు, ప్రకాశం పల్లెలకు స్టేజీల రోజులు కూడా. కోటప్పకొండ తిరునాళ్ళలో విద్యుత్ ప్రభల మీద ఆర్కెస్ట్రాలు, ఊళ్ళల్లో పద్యనాటకాలు, సంఘాలలో యువజన కూడికలు, పట్టణపు కళాశాలల్లో రాక్ బ్యాండులు జరుగుతుంటాయి. కొన్ని రాత్రులు జనం మైమరచి వింటారు. మరికొన్ని రాత్రులు అదే గాయకుడు అదే పాట పాడినా సభ చప్పగా సాగుతుంది. పాడినవాడు తల వంచుకొని దిగుతాడు. విన్నవాడు ఆవులిస్తూ ఇంటికి పోతాడు.

దీనిని గూర్చి ఈ నెల వ్రాయటానికి కారణం ఉన్నది. అటువంటి రాత్రి తరువాత కొందరు యౌవన బిడ్డలు గిటారును గోడకు తగిలించి మరల ముట్టరు. తమలో సత్తా లేదనుకుంటారు. ఇంట్లో పెద్దలు కూడా "మేము ముందే చెప్పాము గదా" అంటారు. లోపం ఎక్కడున్నదో తెలియకుండానే ఒక బిడ్డ పాట మానివేయటం చిన్న నష్టం కాదు. అందుకే ఈ సంగతిని కాస్త నిదానంగా ఆలోచింతము.

మొదటి కారణం చెవికి సంబంధించినది. స్టేజీ మీద ఉన్నవారికి తమ పాట తమకు వినబడాలి. పెద్ద స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి. గాయకుని వైపు తిరిగిన చిన్న స్పీకరు, అంటే మానిటరు, లేకపోయినా చెడిపోయినా అతడు తన గొంతు తానే వినలేడు. శ్రుతి తప్పుతుంది. వినబడటం లేదని గట్టిగా అరుస్తాడు, రెండు పాటలకే గొంతు బొంగురుపోతుంది. ఆరుబయట తిరిగి వచ్చే శబ్దమే ఉండదు, గోడలు లేవు గదా! స్లాబు వేసిన మందిరంలో దీనికి తారుమారు: శబ్దం గోడ నుండి గోడకు తగిలి మాట మాటతో కలిసిపోతుంది. పైగా ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోగలదు. స్టేజీకి 170 మీటర్ల దూరాన నిలుచున్నవానికి పాట అర సెకను ఆలస్యంగా చేరుతుంది. అతని చప్పట్లు వెనుకకు రావటానికి మరో అర సెకను. తాళం కలిసేదెట్లు? తిరునాళ్ళలో ఒక ప్రభ పక్కన మరో ప్రభ నిలబడి, దేని మైకు దానిది మోగుతుంటే ఇక చెప్పనే అక్కరలేదు.

లోక ప్రసిద్ధులకు కూడా ఈ బాధ తప్పలేదు. ఇంగ్లండుకు చెందిన బీటిల్స్ బృందం 1965లో న్యూయార్కులోని షే స్టేడియంలో 55,000 మందికి పైగా ఉన్న జనం ముందు పాడింది. కేకల హోరులో వారి వాయిద్యం వారికే వినబడలేదు. 1966 ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రదర్శన ఇచ్చిన తరువాత వారు టిక్కెట్టు కచేరీలు మానుకున్నారు. జనం కేకలు వేస్తున్నారంటే పాట చేరినట్లు కాదని దీనిని బట్టి తెలుస్తున్నది.

రెండవది కంటికి సంబంధించినది. గాయకుని ముఖాన పెద్ద లైట్లు పెట్టి జనాన్ని చీకటిలో కూర్చోబెడతాము. అతనికి ఎదుట కనిపించేది నల్లని గోడ. ఎవరు నవ్వారో, ఎవరు విసిగిపోయారో అతనికి తెలియదు. ముందు వరుసలో పెద్దల కుర్చీలు వేస్తాము. వారు చేతులు కట్టుకొని కూర్చొని, భోజనాల పిలుపు రాగానే లేచిపోతారు. పాట మీద ప్రాణం పెట్టే పిల్లలు తాడు అవతల నిలబడతారు. ఖాళీ కుర్చీలకు పాడవలసి వచ్చినవాని బాధ ఊహించండి.

మూడవది వేళకు సంబంధించినది. కరపత్రంలో ఏడు గంటలని వేస్తాము. సన్మానాలు, ఉపన్యాసాలు, దండలు ముగిసేసరికి పది దాటుతుంది. తెల్లవారుజామున మిరప కోతలకు పోవలసిన కూలి తల్లి ఎంతసేపు మేలుకొని ఉంటుంది? అటు పాడేవారు కూడా సాయంత్రం నుండి తెర వెనుక కాచుకొని అలసిపోయి ఉంటారు.

ఇవన్నీ సరిచేసినా ఒక లోతైన సంగతి మిగులుతున్నది. పొన్నెకల్లు వాస్తవ్యులు, 1986లో పద్మశ్రీ అందుకొన్న షేక్ నాజర్ గారి బుర్రకథ విన్న పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. బుర్రకథలో కథకుడు ఒంటరివాడు కాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయం చెబుతారు. కథకుడు ఒక మాట అంటే వారు వంత పాడుతారు, ఆశ్చర్యపోతారు, ప్రశ్నిస్తారు. అనగా వినేవాని పాత్రను కూడా స్టేజీ మీదనే నిలబెట్టారు! వారిని చూసి జనం ఎక్కడ నవ్వాలో, ఎక్కడ నిట్టూర్చాలో తెలుసుకుంటారు. నాటకాలలో ఈలపాట రఘురామయ్య గారి వంటివారు పద్యం ఎత్తితే "వన్స్ మోర్" కేకలు లేచేవి, మళ్ళీ పాడేవారు. మన క్రైస్తవ కీర్తనలలోనూ పల్లవి అందరిదీ. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) వ్రాసిన కీర్తనలు పుస్తకం చూడని అవ్వల నోట కూడా నిలిచాయంటే ఇదొక కారణమని మా నమ్మకం.

నేటి కచేరీలో ఆ వంత ఎక్కడ? వినేవాడు ఫోను పైకెత్తి వీడియో తీస్తుంటాడు, అతని రెండు చేతులూ ఖాళీగా లేవు. రికార్డులో విన్నట్లే ఒక్క గమకం తప్పకుండా ఉండాలని కోరుతాడు. అట్లయితే ఇంత దూరం రావటం ఎందుకు? పాడేవాడు నిన్న ఒక ఊరిలో, మొన్న మరొక ఊరిలో పాడిన పాటనే యంత్రంవలె పాడి, డబ్బు లెక్క చూసుకొని వ్యాను ఎక్కుతాడు. ఇద్దరి మధ్య గోడ లేస్తుంది. 1977 జూలైలో కెనడాలోని మాంట్రియల్ స్టేడియంలో పింక్ ఫ్లాయిడ్ గాయకుడు రోజర్ వాటర్స్ గోల చేస్తున్న ఒక అభిమాని మీద కోపం ఆపుకోలేక ఉమ్మివేశాడు. తరువాత తన ప్రవర్తన తనకే రోత పుట్టించి, కళాకారునికీ జనానికీ మధ్య లేచే గోడను గూర్చే ఆలోచించాడు. 1979లో వచ్చిన వారి 'ది వాల్' అనే ఆల్బమునకు మూలం అదే.

సంతవీధులలో కూర్చున్న పిల్లలను గూర్చి ప్రభువు చెప్పిన పోలిక మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లనగ్రోవి ఊదినవారు ఉన్నారు, కదలనివారూ ఉన్నారు. ఆ పోలికలో ఊదిన పిల్లల తప్పును ఆయన ఎత్తి చూపలేదు. వినుటలో కూడా మనిషికి బాధ్యత ఉన్నది.

కనుక సభ ఏర్పాటు చేసే పెద్దలకు మా మనవి: డబ్బు పూల దండల మీద తగ్గించి మానిటరు స్పీకర్ల మీద పెట్టండి. జనం రాకముందే పాడేవారిచేత రెండు పాటలు పాడించి మైకులు సరిచూడండి. జనం మీద కూడా కొంత వెలుతురు ఉంచండి. పిల్లలను ముందు కూర్చోబెట్టండి. చెప్పిన వేళకు మొదలుపెట్టండి.

పాడే బిడ్డలారా, అందరికీ తెలిసిన ఒక పాటతో ప్రారంభించండి, పల్లవి జనానికి ఇవ్వండి, ఆ తరువాత మీ కొత్త పాట పాడండి. వినే మనము ఒక్క పాటకైనా ఫోను జేబులో పెట్టుకుందము.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ అటువంటి రాత్రి ఇంటికి వస్తే ఆ పూట తీర్పు చెప్పవద్దు. అన్నం పెట్టండి. మరుసటి రోజు "నీ గొంతు నీకు వినబడిందా? జనం నీకు కనబడ్డారా?" అని అడగండి. లోపం తీగలోనో, దీపంలోనో, వేళలోనో ఉంటే దానిని సరిచేయవచ్చును. సాధనలో ఉంటే అదీ సరిచేయవచ్చును. తరువాత ఇంటి వసారాలో కూర్చోబెట్టి ఆ పాటే మరల పాడించి, మీరు వంత పాడండి.