టోనీ అయోమీ వేళ్లు, మావాడి ఈఎమ్ఐ

పోయిన భాగం కింద చాలామంది "సార్, ఈసారి పాట గురించి రాయండి" అన్నారు. రాస్తున్నా. మీరనుకున్న పాట మాత్రం కాదు.

మా కాలేజీలో బీఎస్సీ రెండో ఏడాది కుర్రాడొకడున్నాడు. ఎస్సీ హాస్టల్లో ఉంటాడు, వాళ్ల నాన్న తాపీ మేస్త్రి. 2025 జూలై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్కులో బ్లాక్ సబ్బాత్ ఆఖరి కచేరీ ఇచ్చింది. ఆ క్లిప్పులు ఫోన్లో చూసినప్పటి నుంచి వాడికి వేరే లోకం లేదు. పదిహేడు రోజులకి ఆజీ ఆస్‌బోర్న్ చనిపోతే ఆ పూట మెస్సుకే పోలేదట. మొన్న నా ముందు ఒక కాగితం పెట్టాడు. గిబ్సన్ ఎస్‌జీ గిటారు, లేనీ వాల్వ్ యాంప్, ట్రెబుల్ బూస్టర్ పెడల్. "సార్, ఈ మూడూ ఉంటేనే టోనీ అయోమీ సౌండ్ వస్తదంట. ఈఎమ్ఐలో తీసుకుంటా, గ్యారంటీ సంతకం పెడతారా?" అన్నాడు.

గిబ్సన్ ఒక్కటే లక్ష దాటుతుంది. "వస్తదంట" అన్నదెవరు అని అడిగాను. బ్యాండులో మిగతా కుర్రాళ్లు. వీడి దగ్గరున్న గిటారు చూసి "దీంతో ఆ సౌండ్ రాదు బ్రో" అన్నారట.

సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. ఇలాంటి కాగితం జేబులో పెట్టుకుని తిరిగే పిల్లలు మనలో ఇంకా ఉన్నారు.

ముందు ఆ కాగితంలో లేని సంగతి. బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ అని ఒక కార్మికవాడ. 1965లో టోనీకి 17 ఏళ్లు, రేకుల ఫ్యాక్టరీలో పని. బ్యాండుతో యూరప్ వెళ్లే అవకాశం వచ్చి పని మానేస్తున్నాడు. అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్లి, ఇక పోనన్నాడు. మొదలుపెట్టిన పని సరిగ్గా ముగించి రమ్మని వాళ్లమ్మ పంపింది. ప్రెస్సు మీద రోజూ పనిచేసే ఆమె ఆ రోజు రాలేదు. అలవాటు లేని వీణ్ణి ఆ మిషను దగ్గర నిలబెట్టారు. కుడిచేతి నడిమివేలు, ఉంగరపు వేలు కొసలు పోయాయి. ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే.

ఏకలవ్యుడి దగ్గరికి వస్తానని మీలో కొందరు ఎదురుచూస్తున్నారు, నాకు తెలుసు. రాను. అక్కడ వేలు అడిగి తీసుకున్నవాడు గురువు, అడగడానికి కారణం పుట్టుక. ఇక్కడ వేళ్లు తీసుకున్నది మిషను, కారణం పనిలోకి రాని ఒక మనిషి స్థానంలో దొరికినవాణ్ణి నిలబెట్టే ఫ్యాక్టరీ పద్ధతి. రెండింటినీ కలిపేస్తే రెండు నేరాలూ మసకబారతాయి. ఆస్టన్ తెల్లవాళ్ల పేదరికం మన వాడ అంటరానితనం కాదు. గిటారు ముట్టుకుంటే మైలపడుతుందని టోనీతో ఎవరూ అనలేదు.

అయినా ఈ కథలోకి మనకు దూరపు చుట్టం ఒకడు వస్తాడు. ఇక వాయించలేవని డాక్టర్లు చెప్పాక, మూలన కూర్చున్న టోనీకి ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చిచ్చాడు. జాంగో రైన్‌హార్ట్ గిటారు. 1928లో తాను కాపురముండే బండికి నిప్పంటుకుని జాంగో ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయాయి. మిగిలిన రెండు వేళ్లతో సోలోలు వాయించాడు. జాంగో రోమా జాతివాడు. యూరప్ శతాబ్దాలపాటు ఊరి బయటే ఉంచిన జాతి, నాజీలు లక్షల్లో చంపిన జాతి. వాళ్ల భాష మూలాలు ఇండియాలో ఉన్నాయని భాషాశాస్త్రం ఎప్పుడో తేల్చింది. "రోమ్" అన్న మాటకీ ఉత్తరాదిన "డోమ్" కులం పేరుకీ చుట్టరికం ఉందని చాలామంది పండితులు అంటారు. హెవీ మెటల్ పుట్టుక గురించి మాట్లాడేవాళ్లు ఈ రికార్డు దగ్గర ఒక్క నిమిషం ఆగితే బాగుండు.

తర్వాత టోనీ చేసింది వినండి. గిన్నెలు కడిగే సబ్బునీళ్ల ప్లాస్టిక్ సీసా కరిగించి ఉండ చేశాడు. సోల్డరింగ్ ఐరన్‌తో బొక్క పెట్టి, వేలికి పట్టేదాకా అరగదీశాడు. ఉత్త ప్లాస్టిక్ తీగమీద జారిపోతుంటే పాత తోలు జాకెట్టు ముక్క కోసి దానికి అంటించాడు. తోలు అయితేనే తీగను పట్టుకుంది. ఆ ముక్క అంటించినవాడి మీద పుస్తకాలొచ్చాయి. మన తాతలు తోలుతో చేసిన పనికి ఏం వచ్చిందో మీకు తెలుసు.

తొడుగు వేసిన వేళ్లకి లావు తీగలు నొప్పి. సన్నతీగల సెట్లు అప్పుడు అక్కడ దొరకలేదు. బ్యాంజో తీగలు తెచ్చి పైవాటికి వేసి, మిగతావి ఒక్కో స్థానం కిందికి జరిపాడు. తర్వాత శ్రుతే దించేశాడు. 1971 "మాస్టర్ ఆఫ్ రియాలిటీ" నాటికి కొన్ని పాటల్లో మూడు అరస్వరాలు కిందికి వెళ్లింది. తీగ వదులైతే వేలికి సుఖం. చప్పుడు బరువెక్కింది. మన డప్పు దీనికి తిరగేసిన లెక్క. మంట దగ్గర కాచి తోలు బిగిస్తాం, బిగిస్తేనే సిర్ర దెబ్బ ఖంగున పలుకుతుంది. రెండు చోట్లా శ్రుతి పెట్టింది చేతికీ వస్తువుకీ మధ్య జరిగిన బేరమే.

ఇప్పుడు కాగితం. ఎస్‌జీ విషయం తమాషాగా ఉంటుంది. మొదటి ఆల్బమ్‌ని ఒక్క రోజులో రికార్డు చేశారు. టోనీ మొదలుపెట్టింది ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌తో. ఒక పాట అయ్యాక దాని పికప్ పాడైంది. స్టెప్నీగా తెచ్చుకున్న ఎస్‌జీ తీశాడు. మావాడు లక్ష అప్పు చేయబోతున్నది స్టెప్నీ కోసం. ఆ ఎస్‌జీలో ఉన్నవి పీ-90 పికప్‌లు, ఒకే చుట్ట ఉన్నవి, కాస్త గరుకుగా పలుకుతాయి. అలాంటి పికప్ ఒకటి కొని ఉన్న గిటారుకే బిగించుకోవచ్చు.

పెడల్ అంతకన్నా చిన్న సంగతి. డాలస్ రేంజ్‌మాస్టర్ అనే పాత ట్రెబుల్ బూస్టర్ అది. లోపల ఉన్నది ఒక్క జర్మేనియం ట్రాన్సిస్టర్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. ఈసీఈ పిల్లలు ఒక సాయంత్రంలో సోల్డర్ చేయగలరు. మావాళ్లు వాడుతున్నది కొత్తకాలం మెటల్ డిస్టార్షన్ పెడల్. గెయిన్ చివరిదాకా తిప్పి, మిడ్స్ మొత్తం కోసేసి, చెవిలో జోరీగ దూరినట్టు చేస్తున్నారు. సబ్బాత్ చప్పుడులో మిడ్స్ నిండుగా ఉంటాయి, గెయిన్ మీరనుకున్నదానికంటే తక్కువ. పైగా ఆ బ్యాండులో గిటారు ఒక్కటే. ఆ లావు సగం గీజర్ బట్లర్ బేస్‌ది. రిఫ్ వెంటే బేస్ కూడా నడుస్తుంది. మావాళ్లకి గిటార్లు రెండున్నాయి, బేస్ లేదు.

యాంప్ దగ్గర మాత్రం కాగితం అబద్ధం చెప్పలేదు. బూస్టర్ చేసే పని వాల్వ్ యాంప్ మొదటి దశని గట్టిగా తోయడం. వాల్వులు లేని మామూలు యాంప్‌కి పెడితే గొంతు సన్నబడుతుందే తప్ప బరువు రాదు. లేనీ 1967లో బర్మింగ్‌హామ్‌లోనే మొదలైన కంపెనీ, టోనీకి ఊళ్లో దొరికిన సరుకు. అతను వాడింది వంద వాట్లు. హాస్టల్లో వంద వాట్ల వాల్వ్ యాంప్ వినిపిస్తే వార్డెన్‌తో పాటు పోలీసులూ వస్తారు. సెకండ్ హ్యాండ్‌లో ఐదు, పదిహేను వాట్లది చాలు. డబ్బు పెడితే దానిమీద పెట్టాలి.

ఇదంతా విని వాడు అడిగిన మాట నన్ను ఆపింది. "అంటే మాలాంటోళ్లకి చౌకవే చాలంటారా సార్?"

కాదు నాన్నా. లేమిలోంచే కళ పుడుతుందనే సోది నేను అనను. టోనీకి కావాల్సింది తన వేళ్లు. దొరక్క ప్లాస్టిక్ కరిగించాడు. డబ్బు వచ్చాక తన చేతికి సరిపడా గిటార్లు బర్మింగ్‌హామ్ పనివాళ్లతో చేయించుకున్నాడు, మంచి పని చేశాడు. నీకు గిబ్సన్ వాయించే హక్కు ఉంది. వాళ్ల నోటిమాటకి నిరూపణగా మీ నాన్న రెక్కలు తాకట్టు పెట్టడం మాత్రం నాకు ఒప్పదు. నేను పనిచేసిన ఒక కాలేజీలో ఏటా ఫెస్టులో గిటారుకి స్టేజీ, మైకు. డప్పు పిల్లలకి గేటు దగ్గర నిలబడి ముఖ్య అతిథికి స్వాగతం చెప్పే పని. మైకు అడిగితే "దానికెందుకు, అదే గట్టిగా వినిపిస్తుందిగా" అన్నారు. ఏ చప్పుడు అసలైనదో, దానికి ఏ వస్తువు అర్హమో తేల్చే జాబితాలు ఎవరి చేతుల్లో ఉంటాయో నాకు అక్కడ అర్థమైంది. "రాదు బ్రో" అన్న మాటలో నాకు ఆ గేటే వినిపించింది.

చివరికి మేం కూర్చుని రాసుకున్నది ఇది. ఉన్న గిటారుకి సన్నతీగలు, ఒక పీ-90. బూస్టర్ సొంతంగా సోల్డర్ చేయడం. మొదటి రెండు ఆల్బమ్‌ల పాటలు మామూలు శ్రుతిలోనే మొదలుపెట్టడం. రెండో గిటారు కుర్రాడు బేస్ పట్టుకోవడం. యాంప్ మాత్రం బ్యాండు ఉమ్మడి ఆస్తి, నలుగురూ సమానంగా వేసుకోవాలి. గిటారు అయితే వాడొక్కడి అప్పు, యాంప్ అయితే అందరిదీ.

ఆదివారం ఈ మాట బ్యాండులో పెట్టాడట. "వాయించేది నువ్వు, మేమెందుకు వేసుకోవాలి?" అన్నారొకరు. ఇంకా తేలలేదు. ఈలోపు మీలో ఎవరిదగ్గరైనా పాత రేడియోల్లోంచి తీసిన జర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉంటే చెప్పండి, వచ్చి తీసుకెళతాడు.