జారిపడుట దండనము కాజాలదు

బాలల కొఱకు నిర్మింపబడు యానిమేషన్ చిత్రములలో ప్రతినాయకుని కథాంతమున శిక్షింపవలెనా, క్షమింపవలెనా అను వివాదము ఇటీవల తల్లిదండ్రుల మధ్య తఱచుగా వినబడుచున్నది. శిక్ష యనునది క్రౌర్యము, దానిని చూచిన పసిహృదయములు కఠినములగును, కావున ఎంతటి దుష్టునకైనను చివరకు ఆలింగనమే ఉచితమని ఒక పక్షము. వారు తమ మతమునకు కరుణ అని పేరు పెట్టుకొనిరి. అది కరుణ కాదనియు, కరుణావేషము ధరించిన ధర్మభీరుత్వమనియు నా నిశ్చయము. అట్లని, దుష్టుడు నేలకూలగానే చప్పట్లు చరచి, మన సనాతనధర్మము చెప్పినది ఇదియే కదా అని ఉప్పొంగు రెండవ పక్షమువారిని కూడ నేను సమర్థింపజాలను. వారు శాస్త్రమును సగమే చదివిరి.

అర్చకునకు ఈ బొమ్మల చిత్రములతో పనియేమి అని నవ్వువారుందురు. ఇంట పసిపిల్లలున్న వారెవ్వరును నవ్వరు. సాయంకాల నైవేద్యము ముగించుకొని ఇల్లు చేరునప్పటికి ఇంటిలో వెలుగుచుండునది దీపమొక్కటియే కాదు.

తొలుత శిక్షాపక్షమును పరిశీలింతము. 1937లో వాల్ట్ డిస్నీ సంస్థ విడుదల చేసిన 'స్నో వైట్' చిత్రమున సవతితల్లియైన రాణి, మరుగుజ్జుల మీదికి బండరాయిని దొర్లింపబోవుచుండగా పిడుగు పడి, నిలిచిన శిల విరిగి, అగాధమున పడును. గ్రిమ్ సోదరులు సేకరించిన కథలో ఆమెకు విధింపబడిన శిక్ష వేరు. ఎఱ్ఱగా కాల్చిన ఇనుప పాదరక్షలు తొడిగి, ప్రాణము పోవువఱకు నర్తింపజేయుదురు. ఆ ఘోరమును తొలగించుట మంచిదే. కాని దాని స్థానమున వచ్చినదేమి? విచారణయా? నిర్ణయమా? కాదు, ఒక పిడుగు. 1991లో 'బ్యూటీ అండ్ ది బీస్ట్' చిత్రమున గాస్టన్ కోట మీదినుండి జారిపడెను. 1996లో 'ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోట్రడామ్' చిత్రమున ఫ్రోలో పట్టుకొనిన రాతిబొమ్మ విఱిగి జ్వాలలలో పడెను. 1994 నాటి 'ది లయన్ కింగ్' మఱింత విచిత్రము. అన్నను కొండచఱియ నుండి త్రోసి చంపి, ఆ పాపమును పసివాడైన సింబా తలకెత్తిన స్కార్‌ను, సింబా చంపక, పారిపొమ్మని విడిచిపెట్టును. అతడు నిప్పుకణికలు కన్నులలో చల్లి మరల మీదపడి, ఆ పెనుగులాటలో క్రింద పడును. తప్పంతయు తమమీదికి నెట్టినాడని వినియున్న హైనాలే అతనిని భక్షించును.

ఇన్ని కథలలోను సూత్రమొక్కటే. దుష్టుడు చావవలెను, ప్రేక్షకుడు తృప్తి చెందవలెను, నాయకుని హస్తములు మాత్రము శుభ్రముగా నుండవలెను. ఎవ్వరును దండింపరు, ఎవ్వరును క్షమింపరు. కాలు జారుటకు ధర్మముతో సంబంధమేమి? పుణ్యాత్ములును మెట్లమీద జారిపడుచున్నారు. కిష్కింధాకాండమున నేలకొఱగిన వాలి శ్రీరాముని నిలదీసినప్పుడు, బాణము దానంతట అదియే తగిలినదని రాముడు చెప్పలేదు. నేను కొట్టితిని, ఇందుకు కొట్టితిని, తమ్ముని భార్యను అపహరించినవానిని దండించుట రాజధర్మము అని ఎదుట నిలిచి సమాధానము చెప్పెను. రాజదండము పొందినవాడు పాపవిముక్తుడగునని కూడ చెప్పెను. ఆ సమాధానము అందఱికిని నచ్చలేదు, నేటికిని పండితులు వాదించుకొనుచునే యున్నారు. నచ్చకపోయినను నిలదీయుటకు ఒక వ్యక్తి కలడు. పిడుగును ఎవ్వరు నిలదీయుదురు?

ఇక క్షమాపక్షము. దీనికి మిక్కిలి ఇష్టమైన దృష్టాంతము 2016లో వచ్చిన 'మోవానా'. అందు నిప్పులు క్రక్కు రాక్షసివలె కనబడు టె కా, నిజమునకు హృదయము అపహరింపబడిన టె ఫీటి అను దేవతయే. ఆ హృదయమును దొంగిలించినవాడు మావీ. బాలిక దానిని తిరిగి ఇచ్చును, మావీ తన తప్పు ఒప్పుకొనును, దేవత శాంతించును. చక్కని కథ. కాని దీనిని క్షమకు ఉదాహరణముగా చూపువారు ఎవరు ఎవరిని క్షమించిరో గమనింపలేదు. టె ఫీటి అపరాధిని కాదు, అపహృతధన. ఆమెకు జరిగినది క్షమాదానము కాదు, సొత్తు అప్పగింత. ఈ న్యాయమును స్కార్‌కు అన్వయించి, అతనికిని బాల్యమున ఏదో గాయము తగిలియుండును, అతనినిగూడ కౌగిలించుకొనుడు అనుట తర్కము కాదు.

గాయము లేని జీవుడెవడు? కర్మసిద్ధాంతము నెఱిగిన మనకు ప్రతి దుష్కృతమునకును ఒక పూర్వకారణ ముండునని వేఱుగా చెప్పనక్కఱలేదు. వైకుంఠద్వారపాలకులైన జయవిజయుల శాపవృత్తాంతము హిరణ్యకశిపునకు ఏ చిత్రకారుడును కల్పింపలేనంత గొప్ప పూర్వకథ. ఆ పూర్వకథ తెలిసియే స్వామి స్తంభమునుండి వెలువడెను. కారణము తెలియుట వేఱు, అపరాధము మాసిపోవుట వేఱు.

మహాభారత వనపర్వమున ద్రౌపది ధర్మరాజునకు ఒక ప్రాచీనసంవాదము వినిపించును. క్షమ మేలా, తేజము మేలా అని బలిచక్రవర్తి తన తాతను ప్రశ్నించెను. ఆ తాత ఎవరు? ఏ బాలునకు విషము పెట్టిరో, ఏ బాలుని అగ్నిలో త్రోసి ఏనుగులచేత త్రొక్కించిరో, ఆ ప్రహ్లాదుడే. ఈ విషయమున అతనికంటె అధికారము కలవారెవరు? ఎల్లప్పుడు క్షమయు మంచిది కాదు, ఎల్లప్పుడు తేజమును మంచిది కాదని అతడు తేల్చెను. పూర్వము ఉపకారము చేసినవాని అపరాధమును సహింపుము. తెలియక చేసినవానిని మన్నింపుము. ప్రాణులందఱికిని మొదటి అపరాధము క్షమార్హము. రెండవది స్వల్పమైనను దండ్యము. తెలిసి చేసి, తెలియక చేసితినని బొంకువానిని మాత్రము విడువరాదు. నేటి కథారచయితలకు ఈ సంవాదమొక్కటి చాలును.

2010లో వచ్చిన 'టాయ్ స్టోరీ 3' దీనికి సమీపముగా వచ్చెను. లాట్సో అను ఎలుగుబంటిబొమ్మ, యజమానురాలు తన స్థానమున వేఱొక బొమ్మను తెచ్చుకొనుటచే మనసు విఱిగి క్రూరుడైనది. అది కారణమే, నిజమైన దుఃఖమే. వ్యర్థములను నలుగగొట్టు యంత్రమునుండి వుడీ, బజ్ దానిని కాపాడిరి. అదియే మొదటి క్షమ. తరువాత వారందఱు అగ్నికుండమువైపు కొట్టుకొనిపోవుచుండగా, యంత్రమును ఆపు మీట చేతికందియు నొక్కక, లాట్సో వారిని విడిచి పోయెను. ఇది రెండవ అపరాధము, తెలిసి చేసినది. ప్రహ్లాదుని కొలతకు సరిపోయినది. కాని చివర దానిని లారీ ముందుభాగమున కట్టివేయువాడు ఏమియు తెలియని చెత్తబండి మనిషి! ఇక్కడ కూడ రచయిత నిర్ణయమును దారిన పోవువానికి అప్పగించెను.

దీనికంటె 2011 నాటి 'కుంగ్ ఫూ పాండా 2' నాకు మెచ్చదగినదిగా తోచినది. తన జాతిని సంహరించిన షెన్ యెడల పో అను నాయకుడు మనసున ద్వేషమును విడిచెను. విడిచియు, అతని నౌకలను తన చేతులతోనే ధ్వంసము చేసెను. అటుపై మార్పునకు అవకాశమిచ్చెను. షెన్ కాదని కత్తులు దూసెను. క్షమ అంతఃకరణధర్మము, దండము లోకరక్షణధర్మము. రెండును ఒకేవ్యక్తియందు, ఒకేకాలమున ఉండవచ్చును.

మఱియొక ప్రశ్న గలదు. క్షమించుటకు అధికారి యెవరు? పోతనగారి భాగవతమున తన ఐదుగురు కొడుకులను నిద్రలో చంపిన అశ్వత్థామను కట్టి తెచ్చినప్పుడు, అతని తల్లి నావలె ఏడువరాదని ద్రౌపది విడిపింపుమనెను. ఆ మాట ఆమెయే అనదగినది. అప్పటికిని అర్జునుడు అతని శిరోమణిని కోసికొనియే వెడలగొట్టెను. లంకలో తనను బెదరించిన రాక్షసస్త్రీలను చంపెదనన్న హనుమంతుని సీతమ్మ వారించెను; వారు ఆజ్ఞాబద్ధులని కారణము చెప్పెను. తెరమీద ఎవరికో జరిగిన ద్రోహమును మెత్తని ఆసనమున కూర్చుండి మనము క్షమించుట ఔదార్యమెట్లగును?

2025లో 'మహావతార్ నరసింహ' చిత్రము వచ్చిన పిదప, కుమారునితో మా ఆలయమునకు వచ్చిన ఒక విద్యావతి, "స్వామీ, హిరణ్యకశిపుణ్ణి కూడా క్షమించి ఉండవచ్చు కదా, పిల్లవాడు భయపడుతున్నాడు" అనెను. ప్రశ్న మంచిదే. వధతో కథ ముగియదని చెప్పితిని. స్వామి వరము కోరుకొమ్మనగా ప్రహ్లాదుడు తనకు కోరికలే పుట్టకుండ అనుగ్రహింపుమనెను. ఆపై తండ్రి పాపవిముక్తుడు కావలెనని వేడెను. 21 తరములతో గూడ నీ తండ్రి పవిత్రుడైనాడని స్వామి పలికి, అంత్యక్రియలు చేయుమని ఆజ్ఞాపించెను. దండించినవాడు స్వామి, క్షమించినవాడు ద్రోహము పొందిన కుమారుడు.

పిల్లవాడు, "అయితే వాళ్ళ నాన్నకు ప్రహ్లాదుడే అంతా చేశాడా?" అని అడిగెను. అవునంటిని. తల్లి మాత్రము ఇంకను సమాధానపడలేదు. భయము సంగతి ఏమిటని మరల అడిగినది. తీర్థము ఇచ్చు వేళ కావుటచే ఆ వాదము అంతటితో నిలిచినది.