ఓడినా ఓటరు పక్కనే ఉండాలి

2009 మే 16న పాలకొల్లు ఫలితం బయటికొచ్చినప్పుడు తణుకు, తాడేపల్లిగూడెం సెంటర్లలో చాలామంది నమ్మలేదు. మొగల్తూరులో పుట్టి, రాష్ట్రమంతా తిరిగి ముఖ్యమంత్రి పదవికి ఓట్లడిగిన చిరంజీవి సొంత గడ్డ మీద కాంగ్రెస్ అభ్యర్థి బంగారు ఉషారాణి చేతిలో ఓడిపోయారు. తిరుపతి ఆదుకోబట్టి శాసనసభలో అడుగుపెట్టగలిగారు. గెలుపోటములు ఎన్నికల్లో మామూలే. ఆ ఓటమిని మేం ఎత్తిచూపడం లేదు. తర్వాత ఆయన పార్టీని కాంగ్రెస్‌లో విలీనం చేయడం మాత్రం ఓటరుకు జరిగిన అన్యాయమని ఈ పత్రిక నిశ్చితాభిప్రాయం.

చిరంజీవి పార్టీ ప్రజారాజ్యం 2008 ఆగస్టు 26న తిరుపతిలో పుట్టింది. తొమ్మిది నెలలైనా నిండకముందే దాదాపు 70 లక్షల ఓట్లు తెచ్చుకుంది. 294 స్థానాల్లో దక్కినవి 18 మాత్రమే. తాడేపల్లిగూడెం ఆ పార్టీని గెలిపించింది, తణుకు కాంగ్రెస్ వైపు మొగ్గింది. సీట్లు తక్కువైనా, దాదాపు ఆరోవంతు ఓటర్లు రెండు పాత పార్టీలనూ కాదని మూడో దారి కావాలన్నారు. కొత్త పార్టీకి అంతకు మించిన పునాది ఏముంటుంది?

ఆ ఓట్ల వెనుక ఉన్న మనుషుల గురించి ఎవరూ మాట్లాడరు. బూత్ ఏజెంటునే చూడండి. తెల్లవారకముందే వెళ్లి ఓటర్ల జాబితా ముందేసుకుని కూర్చుంటాడు. వచ్చినవాళ్ల పేర్లకు టిక్కు పెట్టుకుంటూ, దొంగ ఓటు అనుమానం వస్తే పక్క బల్ల మీది ఏజెంటుతో గొడవ పడతాడు. ఆ పక్క బల్లవాడు అదే వీధివాడు, ఒక్కోసారి బంధువు కూడా. పోలింగ్ అయ్యాక నాయకుడు హైదరాబాద్ వెళ్లిపోతాడు. ఏజెంటు మాత్రం ఆ వీధిలోనే, ఆ మాటల మధ్యే బతకాలి. ప్రజారాజ్యం రైలింజను గుర్తు కోసం అలా ఊళ్లో మొహాలు చెడగొట్టుకున్న కుర్రాళ్లు గోదావరి జిల్లాల్లో కోకొల్లలు. రెండేళ్లు తిరక్కుండానే, ఎవరితో తగవు పడ్డారో వాళ్ల జెండానే మొయ్యమన్నారు. వాళ్లను అడిగినవాళ్లు లేరు.

2011 ఫిబ్రవరిలో ఢిల్లీలో విలీన ప్రకటన వచ్చింది, ఆగస్టులో ఆ తంతు ముగిసింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణం తర్వాత, ఆయన కుమారుడు జగన్ పార్టీ నుంచి బయటికెళ్లాక కాంగ్రెస్ ప్రభుత్వానికి సభ్యుల అవసరం పడింది. ఆ డిసెంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు ప్రజారాజ్యం నుంచి వెళ్లినవాళ్ల బలం కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వానికి అక్కరకొచ్చింది. 2012లో చిరంజీవి రాజ్యసభకు వెళ్లి, కేంద్ర పర్యాటక మంత్రి అయ్యారు. నటుడిగా ఆయన స్థానం, రక్తనిధి ద్వారా చేసిన సేవ మాకు తెలుసు, గౌరవిస్తాం. కానీ కాంగ్రెస్‌కు వ్యతిరేకంగా పడిన ఓట్లను కాంగ్రెస్‌కే అప్పగించే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? ఆయన ఖాళీ చేసిన తిరుపతి స్థానంలో అదే ఏడాది జరిగిన ఉప ఎన్నికలో కాంగ్రెస్ గెలవలేదు.

వేరే దారి లేకపోయిందా? 1989లో అధికారం పోగొట్టుకుని, కల్వకుర్తిలో తానే ఓడినా ఎన్టీఆర్ ప్రతిపక్షంలో కూర్చున్నారు. 1994లో తిరిగి గెలిచారు. పవన్ కల్యాణ్ 2019లో భీమవరం, గాజువాక రెండుచోట్లా ఓడారు. ఆయన పార్టీ జనసేనకు దక్కింది రాజోలు ఒక్కటే, ఆ ఎమ్మెల్యే కూడా దూరమయ్యారు. అయినా దుకాణం కట్టేయలేదు. 2024లో పోటీ చేసిన 21 శాసనసభ స్థానాలూ జనసేన గెలిచింది. ఆయన పాలన తీరు మీద చర్చ వేరు, ఓడాక నిలబడ్డారన్నది మాత్రం నిజం. అమెరికాలో గవర్నర్‌ను జనమే ఎన్నుకుంటారు, ఓడినవారికి సభలో కుర్చీ కూడా ఉండదు. 2018లో జార్జియా గవర్నర్ పదవికి పోటీ చేసి ఓడిన స్టేసీ ఏబ్రమ్స్ ఆ కుర్చీ లేకుండానే ఓటు హక్కు కోసం పనిచేశారు. 2022లో మళ్లీ పోటీ చేసి మళ్లీ ఓడారు. మన దగ్గర ఓడిన ముఖ్యమంత్రి అభ్యర్థికి, తన సీటు గెలిస్తే, సభలో చోటు, మైకు ఉంటాయి. అవి ఉండి కూడా వదులుకోవడమే బాధ.

చిన్న పార్టీ అయిదేళ్లు నిలదొక్కుకోవడం కష్టమని, డబ్బు చాలదని, ఎమ్మెల్యేలు ఎలాగూ జారిపోతారని అంటారు. కష్టమే. అందుకే పొత్తులున్నాయి. పొత్తును ఎన్నికల ముందు చెబుతారు, నచ్చకపోతే ఓటరు తిప్పికొడతాడు. ఎన్నికల తర్వాతి విలీనంలో ఓటరుకు ఆ అవకాశమే లేదు.

దీనికి చట్టమే దారి ఇస్తోంది. 1985లో ఫిరాయింపుల నిరోధానికి రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేర్చారు. మూడోవంతు చీలికకు ఉన్న మినహాయింపును 2003లో తీసేశారు. మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే విలీనమనే నాలుగో పేరా మాత్రం అలాగే ఉంచారు. 2019 జూన్‌లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు తెరాసలో కలిసింది ఆ సందులోంచే. అదే నెల నలుగురు తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు బీజేపీలో చేరిందీ ఆ సందులోంచే. ఈ విషయంలో ఏ పార్టీకీ చేతులు శుభ్రంగా లేవు.

నాలుగో పేరాను రద్దు చేయాలి. పార్టీని కలిపేయాలనుకునే నాయకుడు, ఆయన వెంట వెళ్లే సభ్యులు ముందు రాజీనామా చేసి, కొత్త గుర్తు మీద అదే ఓటరు ముందుకు రావాలి. నరసాపురం, ఏలూరు లోక్‌సభ సభ్యులు ఈ సవరణకు పట్టుబట్టాలని, తమ పార్టీలు ఏమన్నా సరే దానికి కట్టుబడి ఉంటారో లేదో ఈ జిల్లాల ప్రజలకు ఇప్పుడే చెప్పాలని డిమాండ్ చేస్తున్నాం.