చదువుకు 20 లక్షలు, స్టీరింగుకు ఏజెంటు

మైనారిటీ విద్యార్థికి విదేశీ విశ్వవిద్యాలయంలో సీటు వస్తే ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం కింద రాష్ట్ర ప్రభుత్వం 20 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. 2015లో ఈ పథకాన్ని ప్రకటించినప్పుడు మేము హర్షించాము. నేటికీ దానిని సమర్థిస్తున్నాము. అదే మొహల్లాలో బడి మధ్యలో మానేసి, క్లీనరుగా లారీ ఎక్కి, ఏళ్ల తరబడి భూపాలపల్లి బొగ్గునూ మహదేవపూర్ ఇసుకనూ మానుకోట గ్రానైటునూ మోసిన డ్రైవరు ‘నేను పోలండ్ వెళ్లి ట్రక్కు నడుపుతాను’ అంటే అతనికి ప్రభుత్వం ఏమిస్తుంది? ఒక పాస్‌పోర్టు ఇస్తుంది. మిగిలినదంతా ఏజెంటు చేతిలో పెడుతుంది.

మా ఆరోపణ ఇదే. విద్యార్థి వలస ప్రగతిగా లెక్కకు వస్తున్నది, డ్రైవరు వలస అతని సొంత జూదంగా మిగిలిపోతున్నది. ఇద్దరూ అప్పు చేసే వెళ్తారు, ఇద్దరూ ఇంటికి డబ్బు పంపుతారు. ఒకరికి పట్టా ఉంది, మరొకరికి లేదు. ఆ ఒక్క తేడాతో ఒక పౌరుణ్ణి దళారికి అప్పగించే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.

‘ఇక్కడే డ్రైవర్లు దొరకక లారీలు నిలిచిపోతున్నాయి, పరాయి దేశం ఎందుకు?’ అని లారీ యజమానులు అడుగుతారు. కొందరు పెద్దమనుషులు కూడా ఆ మాటే అంటారు. జవాబు జనగామ మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి మీదనే ఉంది. మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించరాదని 1961లోనే చెప్పింది. హైదరాబాదుకు ఇసుక లోడు తీసుకుపోయి, అన్‌లోడింగు కోసం రాత్రంతా వరుసలో కాచుకొని, తెల్లవారేసరికి తిరుగు బండి తోలే డ్రైవరును ఈ చట్టం గురించి అడిగి చూడండి. నవ్వుతాడు. జీతం కాదు, ట్రిప్పుకు బత్తా. ఓవర్‌లోడు వేసేది యజమాని, పట్టుబడితే చెక్‌పోస్టు దగ్గర నిలబడేది డ్రైవరు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. సింగరేణి గనులలో కార్మికునికి సంఘముంది, వేతన ఒప్పందముంది. ఆ గని నుండి వచ్చిన బొగ్గునే మోసే ప్రైవేటు టిప్పరు డ్రైవరుకు ఇవేవీ లేవు.

ఈ వృత్తిలో మనవారు ఎక్కువగా ఉండడం యాదృచ్ఛికం కాదు. ముస్లిం శ్రామికులు గణనీయంగా ఉన్న రంగాలలో రోడ్డు రవాణాను, వాహనాల మరమ్మతును సచార్ కమిటీ 2006లోనే పేర్కొన్నది. భూమి లేనివాడు, సర్కారు కొలువు దక్కనివాడు చేరగలిగిన చోటు స్టీరింగే. డ్రైవింగ్ లైసెన్సుకు ఎనిమిదో తరగతి అర్హతను కేంద్రం 2019లో తొలగించడానికి నేపథ్యం కూడా ఇదే. ముస్లింలు అధికంగా ఉండే మేవాత్‌లో డ్రైవింగే జీవనాధారమైన నిరుపేదలకు ఆ అర్హత అడ్డుగా ఉందని హర్యానా ప్రభుత్వమే కేంద్రాన్ని అభ్యర్థించింది.

దీనికి తోడు భయం ఒకటి. 2024 జూన్ 7న ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్ జిల్లా ఆరంగ్ దగ్గర, గేదెలను తరలిస్తున్న లారీని ఒక గుంపు వెంటాడింది. మహానది వంతెన మీద మొదలైన ఆ ఘోరంలో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ముగ్గురు ముస్లిం యువకులు ప్రాణాలు కోల్పోయారు. భూపాలపల్లి, ములుగు దాటితే ఛత్తీస్‌గఢ్ ఎంతో దూరం లేదు. మన పిల్లలు తోలేది సిమెంటు కావచ్చు, మిర్చి కావచ్చు. బండిని ఆపి పేరు అడిగేవాడికి సరుకుతో పనిలేదు. భయం వల్లనే అందరూ పోతున్నారని మేము అనడం లేదు. సంపాదన కోసమే పోతున్నారు. కానీ ఇల్లాలు ‘ఆ రాష్ట్రం ట్రిప్పు ఒప్పుకోకు’ అని ఫోనులో బతిమాలే రోజులు వచ్చాయన్నది కూడా నిజం.

హిట్ అండ్ రన్ కేసులో పదేళ్ల వరకు జైలు విధించే భారతీయ న్యాయ సంహిత 106(2) సంగతి గుర్తుండే ఉంటుంది. 2024 జనవరి మొదటి రెండు రోజులు దేశమంతా లారీలు నిలిచిపోయి, హైదరాబాదు పెట్రోలు బంకులు ఖాళీ అయిన తరువాతే కేంద్రం మెత్తబడింది. జూలై 1న సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఉపవిభాగాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది. డ్రైవరు బండి ఆపితే తప్ప అతడొకడున్నాడని దేశానికి గుర్తురాదు.

కాబట్టి వెళ్తానన్నవాణ్ణి ఆపే నైతిక హక్కు మనకు లేదు. అవతల అవసరమూ ఉంది. 36 దేశాలలో 30 లక్షలకు పైగా ట్రక్కు డ్రైవరు ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయని అంతర్జాతీయ రోడ్డు రవాణా సంఘం 2023లో ప్రకటించింది. ఏజెంట్ల వాట్సాప్ ప్రకటనలకు పునాది ఆ కొరతే. అయితే ఆ ప్రకటనలు చెప్పనిది చాలా ఉంది.

రవాణా శాఖ కార్యాలయంలో 1,000 రూపాయలు కట్టి తీసుకునే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను ‘ఇంటర్నేషనల్ లైసెన్సు’ అని చూపి వేలకు వేలు గుంజుతున్నారు. అది ఏడాదికి మించి చెల్లదు, దానితో ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఐరోపా సమాఖ్యలో సరుకు ట్రక్కు నడపాలంటే అక్కడి లైసెన్సుతో పాటు వృత్తి అర్హత కావాలి. దాని మూల శిక్షణ 280 గంటలు, త్వరిత పద్ధతిలోనైనా 140 గంటలు. పరీక్ష మన భాషలో ఉండదు. ఆ ఖర్చు ఎవరు భరిస్తారు, అన్నాళ్లూ జీతం ఉంటుందా, తప్పితే గతి ఏమిటి? ఒప్పంద పత్రంలో ఈ మూడింటికి జవాబు లేకపోతే అది ఒప్పందం కాదు, ఉత్త కాగితం.

ఇక చట్టం సంగతి. 1983 నాటి వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చుకోరాదు. రిజిస్టరైన ఏజెంటు కూడా అభ్యర్థి నుండి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదు. ఇల్లు కుదువపెట్టి, ఇల్లాలి నగలు అమ్మి లక్షలు పోసినవారు మన మూడు జిల్లాలలోనూ కనిపిస్తారు. 30,000 అన్న అంకె వారిలో ఎందరికి చెప్పారు? పైగా ఆ చట్టం కింద నేరం రుజువైతే శిక్ష రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. రెండు వేలు! హెల్మెట్లు లేని బండ్ల మీద చలాన్లు రాసినా అంతకంటే ఎక్కువ జమవుతుంది. 2019లో, 2021లో, 2025లో కొత్త చట్టానికి ముసాయిదాలు వచ్చాయి. ఏజెంట్ల దుకాణాలు మాత్రం యథాతథంగా నడుస్తున్నాయి.

ఇంకొక చిక్కు ఉంది. పదో తరగతి తప్పినవాని పాస్‌పోర్టు మీద వలస అనుమతి తప్పనిసరి అన్న ముద్ర పడుతుంది. ఆ అనుమతి గల్ఫ్, మలేసియా వంటి 18 దేశాలకే వర్తిస్తుంది. అక్కడికి వెళ్లేవానికి ఒప్పంద పరిశీలన, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా యోజన కనీసం కాగితం మీదైనా ఉన్నాయి. పోలండ్, లిథువేనియా ఆ జాబితాలో లేవు. అవి అభివృద్ధి చెందిన దేశాలు గనుక కార్మికునికి ప్రమాదం లేదన్నది ఢిల్లీలో కూర్చున్నవారి ఊహ. ఆ ఊహ ఎంతటి భ్రమో జర్మనీలోని గ్రాఫెన్‌హౌజెన్ తేల్చింది.

అది డార్మ్‌స్టాట్ సమీపాన ఒక రహదారి విశ్రాంతి స్థలం. 2023 మార్చి చివరిలో ఒక పోలండ్ రవాణా సంస్థకు పనిచేసే డ్రైవర్లు అక్కడ ట్రక్కులను నిలిపివేశారు. ఎక్కువమంది జార్జియా, ఉజ్బెకిస్తాన్ వారు. వారాల తరబడి జీతం రాలేదు. చేతిలో ఉన్నవి ఉద్యోగ ఒప్పందాలు కావు, ‘సేవా ఒప్పందాలు’. అంటే చట్టం దృష్టిలో వారు కార్మికులే కారు. ఏప్రిల్ 7న యజమాని బకాయిలకు బదులు ప్రైవేటు బలగాన్ని, కవచ వాహనాన్ని వెంటబెట్టుకొని ట్రక్కులను లాక్కోవడానికి వచ్చాడు. డ్రైవర్లు కదలలేదు. జర్మనీ పోలీసులు అడ్డుకున్నారు. కార్మిక సంఘాలు అన్నం పెట్టాయి. చివరకు దాదాపు 3 లక్షల యూరోల బకాయి కక్కవలసి వచ్చింది. ఆ వేసవిలోనే అదే యజమాని సంస్థల డ్రైవర్లు మళ్లీ అక్కడే బండ్లు ఆపారు. ఈసారి వంద మందికి పైగా. కొందరు నిరాహార దీక్షకు దిగారు. ఆ సంవత్సరమే అమలులోకి వచ్చిన జర్మనీ సరఫరా గొలుసు చట్టం అక్కరకు వచ్చింది. ట్రక్కులలోని సరుకు ఏ పెద్ద కంపెనీలదో వాటికీ బాధ్యత ఉందని అధికారులు గుర్తుచేశారు.

ఈ కథను మేము భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒక మాట నొక్కి చెప్పడానికి చెబుతున్నాము. ఐరోపాలో రోజుకు 9 గంటలే నడపాలి, వారాంతపు పూర్తి విశ్రాంతి ట్రక్కు క్యాబిన్‌లో తీసుకోరాదు అన్న నియమాలున్నాయి. మనకంటే ఎంతో మేలు. కానీ ఆ నియమాల ఫలం పరాయి దేశపు డ్రైవరుకు దానంతట అది దక్కలేదు. పక్కనున్నవాడితో కలిసి బండి ఆపినప్పుడే దక్కింది. ఏజెంటు ఒక్కొక్కరిని విడివిడిగా పంపేది అందుకే.

కెనడాలో డ్రైవరు చేతనే ఒక కంపెనీ పెట్టించి, అతన్ని కార్మికుడు కాదనిపించే పద్ధతికి ‘డ్రైవర్ ఇంక్’ అని పేరే వచ్చింది. అమెరికా అయితే ట్రక్కు డ్రైవర్ల వర్క్ వీసాలను 2025 ఆగస్టులో నిలిపివేసింది. ఆ తరువాత కూడా ‘అమెరికా ట్రక్కు వీసా’ అని ఎవరైనా ఆశ చూపితే తలుపు వేసుకోవడం మంచిది.

గల్ఫ్ మనకు కొత్త కాదంటారు. జగిత్యాల, నిజామాబాద్ పల్లెలకు కొత్త కాదు. ఎవరు మంచి ఏజెంటో, ఎవరు దొంగో చెప్పే అనుభవజ్ఞులు అక్కడ ప్రతి ఊరిలో ఉన్నారు. మన మూడు జిల్లాలలో ఆ అనుభవం పలుచన. సౌదీ అరేబియా 2021లో కఫీల్ వ్యవస్థను సడలించి, ఉద్యోగం మారే వీలు కల్పించింది. ఇళ్లలో పనిచేసే సొంత డ్రైవర్లను మాత్రం ఆ సడలింపు నుండి మినహాయించింది. హెవీ డ్రైవరు కొలువని చెప్పి హౌస్ డ్రైవరు వీసా చేతిలో పెడితే ఏమవుతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు. కోజికోడ్‌కు చెందిన ఒక హౌస్ డ్రైవరు రియాద్‌లో తన సంరక్షణలో ఉన్న దివ్యాంగ బాలుని మృతి కేసులో పద్దెనిమిదేళ్లు మరణశిక్ష నీడన గడిపాడు. 2024లో కేరళ ప్రజలు 34 కోట్ల రూపాయలు పోగుచేసి రక్తధనం సమకూరిస్తే గాని ఆ శిక్ష రద్దు కాలేదు. కేరళకు ఆ సంఘశక్తి ఉంది. మనకు ఉందా?

గల్ఫ్‌లో మరణించిన వలస కార్మికుని కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు జారీ చేసింది. మంచిదే. మరి శవపేటిక కువైట్ నుండి కాక వార్సా నుండి వస్తే? తోరూరులోనో చిట్యాలలోనో ఉన్న ఆ తల్లి కన్నీటికి దేశాన్నిబట్టి ధర కడతారా?

మేము కోరేది 20 లక్షలు కాదు. మైనారిటీల ఆర్థిక సంస్థ ఆటోలకు, కుట్టుమిషన్లకు సాయం చేసింది. పరిశీలించిన ఒప్పంద పత్రం చూపిన డ్రైవరుకు శిక్షణ, వీసా, ప్రయాణ ఖర్చుల కోసం వడ్డీ లేని రుణం ఇవ్వడానికి అభ్యంతరమేమిటి? విదేశీ ఉద్యోగాల కోసం ప్రభుత్వమే నెలకొల్పిన టామ్‌కామ్ హైదరాబాదు మల్లేపల్లిలో ఉంది. ఇసుక లారీ దిగిన మనిషి అక్కడికి రాడు, అదే మన కలెక్టరేట్లకు రావాలి. సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో డ్రైవింగ్ శిక్షణ కేంద్రం కట్టగలిగిన ప్రభుత్వం, దేశంలోనే పేరున్న బొగ్గు గనులు నడిచే భూపాలపల్లిలో ఎందుకు కట్టదు? మరణ పరిహారపు ఉత్తర్వులలో ‘గల్ఫ్’ అన్న చోట ‘విదేశం’ అని మార్చడానికి ఒక్క కలంపోటు చాలు.

ప్రభుత్వాన్ని అడిగిన నోటితోనే మనవారిని కూడా అడగాలి. ఇంజనీరు సంబంధమంటే ఎదురేగి, డ్రైవరు సంబంధమంటే మొహం తిప్పుకునే మన బిరాదరీ, వాడు దీనార్లు పంపడం మొదలుపెట్టగానే మసీదు విరాళాల జాబితాలో వాని పేరు మొదట రాస్తుంది. పోయేటప్పుడు మాత్రం వాని వెంట ఎవరూ ఉండరు. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో ఋణగ్రస్తుడు ఉన్నాడు, బాటసారి ఉన్నాడు. ఏజెంటు చేతిలో మోసపోయి పరదేశంలో చిక్కుకున్న డ్రైవరు ఆ రెండూనూ. మన బైతుల్‌మాల్‌లు రంజాన్ కిట్లు పంచడంతో పాటు ఆ ఖాతాలు కూడా తెరిచి చూడాలి.

జనగామ ప్రాంతపు కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే సామాన్య రైతు విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి, తన భూమిని కాగితం మీద గెలిచి, 1940లో హత్యకు గురయ్యాడు. కాగితం విలువ ఏమిటో, అది చేతిలో ఉన్నా వెనుక జనం లేకపోతే ఏమవుతుందో ఈ నేలకు తెలుసు. ప్రతి జుమా నమాజు తరువాత జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో మసీదు కమిటీలు ఒక బల్ల వేసి, చదువుకున్న ఒక మనిషిని కూర్చోబెట్టాలి. వెళ్లబోయే వాడు తెచ్చిన ఒప్పందాన్ని వానికి తెలుగులో చదివి వినిపించాలి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరును ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అక్కడికక్కడే సరిచూడాలి. చెల్లించిన ప్రతి రూపాయికి రసీదు అడగమని చెప్పాలి. రసీదు ఇవ్వనని ఏజెంటు అంటే, మరుసటి సోమవారం ప్రజావాణిలో ఆ ఫిర్యాదు పట్టుకొని ఒక్కడు కాదు, యాభై మంది నిలబడాలి.