బాకీ అడిగే ఉత్తరంలో కన్నీళ్ళెందుకు?

మనకి బాకీ పడ్డవాళ్ళు ఎదురైతే, మనమే తప్పు చేసినట్టు మొహం చాటేస్తాం. ఔనంటారా, కాదంటారా? నేనైతే అచ్చం అలాంటిదాన్నే.

ఇంట్లో పచ్చళ్ళు పెట్టి షాపులకి వేస్తుంటాను. 2025 మార్చిలో సంగతి. ఆవకాయ రోజులు దగ్గరికొస్తున్నాయి. కారం, ఆవపిండి, నువ్వుల నూనె ముందే కొని పెట్టుకోవాలి. చేతిలో డబ్బు లేదు. ఒక షాపాయన నాకు 11,400 రూపాయలివ్వాలి. ఫోన్ చేసినప్పుడల్లా "చూద్దాం లేమ్మా" అనడమే.

ఇక లాభం లేదని ఉత్తరం రాశాను. "అన్నయ్యగారికి నమస్కారాలు" అని మొదలుపెట్టి, మావారి ఆరోగ్యం, అమ్మాయి కాలేజీ ఫీజు, నూనె ధర అన్నీ కలిపి రెండు పేజీలు నింపాను. "దయచేసి ఏదో ఒకటి సర్దండి" అని ముగించాను.

మా మామయ్యగారు మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయనకి చూపిస్తే, "చదివితే ఏడుపొస్తోందమ్మాయ్, కానీ వాడు ఎంతివ్వాలో మాత్రం తెలియడం లేదు" అన్నారు. "ఈ కాగితం షాపులో లెక్కలు రాసేవాడి చేతికెళుతుంది. దీన్ని పట్టుకుని వాడు పుస్తకంలో ఏ పేజీ తియ్యాలి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజే ఆయన దగ్గర కూర్చుని మళ్ళీ రాశాను. ఇదిగో:

తేదీ: 12-3-2025
శ్రీ ......... గారికి,
విషయం: 17, 21 నంబర్ల బిల్లుల బాకీ 11,400 రూపాయల గురించి.

అయ్యా, మీ షాపుకి ఈ కింది సరుకు పంపాను.
బిల్లు 17, 10-12-2024: ఉసిరికాయ పచ్చడి 30 కిలోలు, కిలో 280 చొప్పున 8,400 రూపాయలు.
బిల్లు 21, 20-1-2025: పండుమిరప పచ్చడి 25 కిలోలు, కిలో 320 చొప్పున 8,000 రూపాయలు.
మొత్తం 16,400. మీరు 3-2-2025న ఇచ్చినది 5,000. రావలసినది 11,400 రూపాయలు.
ఈ మొత్తాన్ని 22-3-2025 లోగా నా బ్యాంకు ఖాతాలో జమ చేయగోరుతున్నాను. లెక్కలో తేడా ఉంటే అదే తేదీలోగా తెలియజేయండి. బిల్లుల జిరాక్సు కాపీలు జతపరిచాను.
ఇట్లు, (సంతకం, ఫోను, ఖాతా వివరాలు)

అంతే, ఒక్క పేజీ! కోపం లేదు, బతిమాలడం లేదు. మర్యాదకి మాత్రం ఏ లోటూ లేదు.

మూడో రోజు ఆయనే ఫోన్ చేశారు. "21వ నంబరు బిల్లు మా గుమాస్తా పుస్తకంలో ఎక్కించనే లేదమ్మా. మీకివ్వాల్సింది 3,400 అనే అనుకుంటున్నాం" అన్నారు. చూశారా! నా రెండు పేజీల కష్టాలు పంపినా ఆ తప్పు బయటపడేది కాదు. ఆ వారమే 6,000 వేశారు, మిగతాది ఉగాది వెళ్ళాక ఇచ్చారు. ఇప్పటికీ నా దగ్గరే పచ్చళ్ళు తీసుకుంటున్నారు.

మీరూ రాయాల్సి వస్తే ఇవి గుర్తుంచుకోండి:

* "త్వరలో" అనకండి, ఫలానా తేదీలోగా అనండి. త్వరలో అనే రోజు ఏ క్యాలెండర్లోనూ ఉండదు.
* ఒక ఉత్తరంలో ఒకటే విషయం. కొత్త ఆర్డరు సంగతి ఇంకో కాగితం మీద రాయండి.
* వాళ్ళిచ్చిన డబ్బు కూడా తప్పకుండా చూపించండి. అప్పుడే మన లెక్క మీద నమ్మకం కుదురుతుంది.
* ఒరిజినల్ బిల్లులు పంపకండి. ఉత్తరం కాపీ ఒకటి దాచుకోండి. చేతికిస్తే ఆ కాపీ మీద తేదీతో సంతకం చేయించుకోండి. స్పీడ్ పోస్టులో పంపితే రసీదు భద్రం. వాట్సాప్‌లో పంపినా ఇదే పద్ధతిలో రాయండి.
* కోపంగా ఉన్నప్పుడు రాసింది ఆ పూట పంపకండి. మర్నాడు చదివి, తిట్లు కొట్టేసి పంపండి.

ఇంకో మంచి మాట. చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన ఎం.ఎస్.ఎం.ఇ.డి. చట్టం ప్రకారం, సొంతంగా తయారుచేసి అమ్మే చిన్న సంస్థలకి కొన్నవాళ్ళు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. గడువు గురించి రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే వడ్డీ కూడా అడగొచ్చు. ఈ రక్షణ కావాలంటే సరుకు వెయ్యకముందే 'ఉద్యమ్' రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రభుత్వ వెబ్‌సైట్లో దానికి ఫీజేమీ లేదు. నాకప్పటికి అది లేదు గనక ఉత్తరంలో చట్టం ఊసెత్తలేదు. తర్వాత చేయించుకున్నాను. మీరు ముందే చేయించుకోండి.

ఆ మొదటి ఉత్తరం ఇంకా నా పోపులపెట్టె కింద ఉంది. అందులో రాసిన కష్టాలు అబద్ధం కాదు. కానీ అవి అమ్మకో అక్కకో చెప్పుకోవాల్సినవి. షాపాయనకి చెప్పాల్సింది లెక్క. అది మన కష్టార్జితం కదా, అడగడానికి సిగ్గెందుకు చెప్పండి!